వాడిన బ్లేడునకు ఒక డబ్బా: ఆదోని, ఎమ్మిగనూరు పురవాసులకు విన్నపము



గడ్డము గీచుకొనుటవంటి స్వల్పవిషయమునకు కరపత్రమెందుకని నవ్వువారుందురని యెఱుగుదుము. నవ్వుచునే చదివినను మాకు సంతోషమే. ఈ రెండు పట్టణములందును ప్రతిదినము ఉదయమున ఇండ్లనుండియు సెలూనులనుండియు చెత్తబుట్టలలోనికి జాఱిపోవు ఉక్కుముక్కలును ప్లాస్టిక్కు పిడులును తుదకు ఎచ్చట తేలునో వాడినవాడెఱుగడు. ఆ చెత్తను చేతులతో వేఱుపఱచు పారిశుద్ధ్యకార్మికురాలెఱుగును, సీసాలేఱుకొను పిల్లవాడెఱుగును, వీథిలో ఎంగిలివిస్తళ్లతోపాటు దొరకినదెల్ల నమలు పశువెఱుగును. వారి పక్షమున మేము రెండు పనులు కోరుచున్నాము. వాడి పాఱవేయు ప్లాస్టిక్కు రేజరును విడిచి, రెండంచుల బ్లేడు పట్టు రేజరును చేపట్టుడు. వాడిన బ్లేడును మూతగల డబ్బాలో తప్ప మఱియెక్కడను వేయకుడు. రెండవది చేయనొల్లనివారు మొదటిదానికి పూనుకొనకుండుటయే మేలు, ఏలయన ప్లాస్టిక్కు తలలో బిగిసియున్న బ్లేడుకంటె విడిబ్లేడు చేయు గాయము పెద్దది.

ఈ రెండంచుల బ్లేడు రేజరు మనకు క్రొత్తది కాదు. నేటి వృద్ధులు యౌవనమున వాడినదే; త్రుప్పుపట్టి కొన్ని యిండ్ల అటకలపై ఇంకను పడియుండును. చర్మమునకును కత్తియంచునకును నడుమ నొక రక్షణ యుండవలెనను ఊహ పదునెనిమిదవ శతాబ్దమునాటి ఫ్రాన్సు దేశీయుడు పెర్రెదే యైనను, పలుచని ఉక్కురేకునకు రెండువైపుల పదును పెట్టి, మొక్కవోయినపుడు దానిని తీసి మఱియొకటి వేసికొను పద్ధతిని అంగడికెక్కించినవాడు అమెరికాకు చెందిన కింగ్ క్యాంప్ జిల్లెట్. 1903లో ఆతని కంపెనీ అమ్ముకొనగలిగినవి 51 రేజరులును 168 బ్లేడులును మాత్రమే. మఱుసటి యేట పేటెంటు లభించినది. మొదటి ప్రపంచసంగ్రామమున అమెరికా ప్రభుత్వము తన సైనికులకు వీనిని పంచిపెట్టగా, యుద్ధమునుండి మరలినవారు రేజరుతోపాటు ప్రతిదినము గీచుకొను నలవాటును గూడ ఇండ్లకు గొనిపోయిరి. 1921లో మొదటి పేటెంటు గడువు తీఱినది. కొనువాడు మనసున నుంచుకొనవలసిన సంగతి యిదియే: గడువు తీఱిన పిమ్మట ఆ తీరున బ్లేడు చేయు హక్కు పదుగురిదైనందున, నేడు ఏ కంపెనీ రెండంచుల బ్లేడైనను ఏ కంపెనీ రేజరులోనైనను ఇముడుచున్నది. ఒకని సరకు నచ్చనిచో వేఱొకనిది కొనవచ్చును. పిడిని మార్చ నక్కఱలేదు.

1971లో జంటబ్లేడుల మార్పుతల (కార్ట్రిడ్జి) వచ్చిననాటనుండి ఈ స్వాతంత్ర్యము సన్నగిల్లినది. పిడి యొకరియొద్ద కొన్నవాడు, ఆ పిడి బ్రదికియున్నంతకాలము, తలలను గూడ వారియొద్దనే కొనవలసివచ్చినది. మన దేశమున 2010లో జిల్లెట్ కంపెనీ 15 రూపాయలకు రేజరును, 5 రూపాయలకు మార్పుతలను అమ్మజూపిన మాట నిజము. అది పేదవానికి అందినదనుటయు నిజమే. ఐనను ఆ తలయందు ఉక్కును ప్లాస్టిక్కును విడదీయరానట్లు పెనవేసియుండుటచేత పాతయినుము కొనువాడు దానిని ముట్టడు, ప్లాస్టిక్కు కొనువాడును ముట్టడు. రెండంచుల బ్లేడు మిల్లిమీటరులో పదియవవంతు మందము, రమారమి అరగ్రాము బరువుగల శుద్ధమైన ఉక్కు. పోగుచేసినచో కొలిమికి మరల పోదగినది. పిడి విషయమున మాకు పట్టుదల లేదు. ఇత్తడిపిడి కొనగలవారు కొనుడు; మిరపకోతలకు గుంటూరు సీమకు వలసపోవు కూలివానికి అంత సొమ్ము దుర్లభమైనచో, రెండంచుల బ్లేడు పట్టు ప్లాస్టిక్కు పిడియైనను దోషము లేదు. ఏండ్ల తరబడి నిలుచు ప్లాస్టిక్కుతో కాదు మా తగవు, వారమునకే పెంటకు చేరుదానితో.

క్రొత్తగా చేపట్టువారికి కొన్ని మాటలు విరివిగా చెప్పవలసియున్నది, ఏలయన మొదటి వారమున తెగిన చెంపతో విసిగి ప్లాస్టిక్కునకు మరలిపోవువారే మెండు. ఆ తెగుట రేజరు దోషము గాదు. ప్లాస్టిక్కు రేజరు చేతికి నేర్పిన అదుముడు దోషము. తల యిటునటు వంగునట్లు చేసినందున ఆ రేజరు అదుముటను సహించును, ఇది సహింపదు. దీనిని ముప్పది డిగ్రీల వాలున చర్మముపై నుంచి, పిడి బరువునకే పనిని విడిచి, మగ్గముపై నాడె విసరు నేతగాని చేయివలె తేలికగా, పొట్టి గీతలుగా దించవలయును. బ్లేడును ఎక్కించునపుడు పదునులేని పొట్టికొనలనే పట్టుకొనవలయును. గడ్డమును ముందుగా వెచ్చని నీటితో బాగుగ నాననీయుడు. మన బోరుబావులనీరు పెక్కుచోట్ల కఠినజలము; అందు సబ్బు నురుగుకట్టక తెట్టెకట్టి విఱిగిపోవును. ఆదోనివారు బసాపురము జలాశయపు నీరు కుళాయికి వచ్చినదినమున ఒక చెంబెడు వేఱుగా పట్టియుంచుకొనిన ఆ చిక్కు తీఱును. కుళాయి ఎప్పుడు వచ్చునో చెప్పుట మాత్రము మా తరము కాదు.

వెండ్రుక యే దిక్కునకు వాలి పెరుగుచున్నదో వ్రేళ్లతో తడిమి తెలిసికొనవలయును. చెంపలపై సాధారణముగ క్రిందికి వాలియున్నను, మెడపై ప్రక్కకును కొందఱికి పైకిని తిరిగియుండును. గాట్లు పడునది ఎక్కువగ నచ్చటనే. వాలు ననుసరించి యొకమాఱు, మరల నురుగుపూసి అడ్డముగా నొకమాఱు గీచిన చాలును. ఎదురుగీతతో అద్దమువంటి నునుపు సాధింపబూనుట పెండ్లికొడుకులకు తప్ప తక్కినవారికి వృథాశ్రమ. పిదప చన్నీట కడిగి తడిపటిక రాచుకొనుడు. అమెరికాలోని ఎం.ఐ.టి. శాస్త్రజ్ఞులు 2020లో ప్రకటించిన పరిశోధనలో, వెండ్రుక ఉక్కుకంటె ఏబదిరెట్లు మెత్తనిదైనను, ఉక్కు కణనిర్మాణము ఏకరీతిగా లేనిచోట అంచును పెచ్చులూడగొట్టునని సూక్ష్మదర్శిని సాక్షిగా చూపిరి. కావున నాలుగైదు క్షౌరములకు బ్లేడును మార్చుటయందు లోభము వలదు.

ఇంటనే గీచుకొనుడని బోధించుట నాయీబ్రాహ్మణ సోదరుల పొట్టకొట్టుట కాదా యని ప్రశ్నింపవచ్చును. దినదినక్షౌరమును వారి చేతినుండి ప్లాస్టిక్కు రేజరు ఏనాడో లాగికొన్నది. మేము కోరునది వారిని ఈ విద్యకు గురువులుగా మరల పిలుచుకొమ్మని. వెండ్రుక వాలును, కత్తివాలును వారికి తెలిసినట్లు వేఱెవ్వరికి తెలియును? సెలూనులో రేజరును బ్లేడులను అమ్మనిండు. క్రొత్తవానికి తన ముఖముమీదనే తన చేతితో గీచుకొనుట నేర్పి, అందులకు తగిన రుసుము పుచ్చుకొననిండు. విద్య చెప్పినందులకు రుసుమిచ్చునపుడు బేరమాడుట పెద్దమనిషితనము కాదు.

వారికిని మాదొక ప్రార్థన కలదు. నేడు పెక్కు సెలూనులలో రెండంచుల బ్లేడునే సగమునకు విఱిచి ఉస్తరాలో దూర్చి పనిచేయుచున్నారు. ఆ సగమును కూర్చున్నవాని కన్నుల యెదుటనే విప్పి వేయవలయును, పని ముగిసినతోడనే డబ్బాలో విడువవలయును. కాలేయమును చెఱచి కామెర్లు కలిగించు హెపటైటిస్-బి వైరసు దేహమునకు వెలుపల కనీసము ఏడుదినములు చావక యుండును. అద్దము క్రింది బల్లపై ‘ఇంకొకరికి పనికివచ్చును’ అని పెట్టిన సగము బ్లేడు ఎంతటి అపాయమో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

ఇక డబ్బా సంగతి. అమెరికాలో ఒకప్పుడు స్నానపుగది గోడబీరువాకు సన్నని చీలిక నుంచి, వాడిన బ్లేడులను దానిగుండ గోడలోపలికే జాఱవిడుచువారు. ఆ యిల్లు మరమ్మతు చేయవచ్చిన తాపీపనివాని గతి వారు తలపోసినట్లు లేదు. మనకు గోడలు తొలువ బనిలేదు. ఖాళీయైన పాలపొడిడబ్బా మూతకు, బ్లేడు పట్టునంత గాటు పెట్టిన చాలును. ఒక కుటుంబమునకు అది యేండ్లపాటు నిండదు. డబ్బా లేనందువలననే వాడిన బ్లేడు మనయిండ్ల రెండవజన్మ మెత్తుచున్నది: పిల్లవాని పెన్సిలు చెక్కును, దర్జీ కుట్లు విప్పును, మగ్గముకడ తెగినపోగు కొనను కోయును. ఆ పనులకు బ్లేడు కావలసినచో క్రొత్తది తీయుడు. తండ్రి చెంపను గీచినది బిడ్డ వ్రేళ్ల నడుమ నుండరాదు.

ఇవి వ్యక్తులవలన మాత్రమే సాగు పనులు కావు. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో చేనేత సహకారసంఘమును నిలుపుకొన్న ఎమ్మిగనూరునకు, సెలూనులన్నియు కలిసి డబ్బాలను పోగుచేసి అమ్ముకొను ఏర్పాటు కష్టము కాదు. ఆదోనిలో ప్రత్తిమార్కెట్టుయార్డు పరిసరముల సెలూనులతో ఆరంభింపవచ్చును. హమాలీలును, ప్రత్తి తెచ్చు రైతులును నిత్యము మసలుచోటు గనుక చూచి నేర్చుకొనువారికి కొదవ యుండదు. పురపాలకసంఘములకు క్రొత్తచట్టము అవసరము లేదు. 2021 అక్టోబరు 2న ఆరంభమైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) కార్యక్రమమున తడిచెత్తకు, పొడిచెత్తకు, అపాయకరమైన చెత్తకు వేర్వేఱుగా మూడు బుట్టలు నిర్దేశింపబడినవి. ఆ మూడవదగు ఎఱ్ఱబుట్టలోనికి ఈ డబ్బా మూతతోసహా పోవలెనని చాటింపు వేయించి, చెత్తబండివానికి తోలుతొడుగులు ఇప్పించిన చాలును.

ఒకేచోట అసంఖ్యాకముగ బ్లేడులు వాడబడుట శ్రావణమాసమున ఉరుకుంద ఈరన్నస్వామి సన్నిధిని. తలనీలాలు సమర్పింపవచ్చు భక్తుల పాదములు చెప్పులులేనివి. దేవస్థానమువారు రానున్న శ్రావణమునకు ముందే ప్రతి క్షురకుని పీటప్రక్కను ఒక డబ్బా నిలిపి, ప్రతిసాయంకాలము దానిని లెక్కతో తీసికొనిపోవు మనుష్యుని నియమింపవలెనని కోరుచున్నాము.

ఇంటివారు డబ్బా నిండినపుడు మూతచుట్టు టేపు బిగించి, ‘బ్లేడులు’ అని తెలుగు, కన్నడ, ఉర్దూ భాషలు మూడింటను వ్రాసి, చదువురానివారికొఱకు బ్లేడు బొమ్మను గూడ గీచి, చెత్తబండి వచ్చినపుడు చేతికందింపవలయును.

ఇట్లు,
పురవాసులు కొందఱు