పుస్తకాల కబుర్లు: కొండ మీద రాక్షసబల్లులు

పిల్లలూ! లెక్కల పుస్తకం మధ్యలో నవల దాచుకుని చదవటం మీరు కొత్తగా కనిపెట్టిన విద్యేమీ కాదు. మీ నాన్నలూ, తాతలూ చేసిన పనే అది. అలా దాచి చదివే పుస్తకాలలో మరుగుపడిన లోకాల కథలకు ఎప్పుడూ పెద్దపీటే. ఎవరూ చేరలేని చోటు ఒకటి ఉంటుంది. ఏనాడో నశించిన జంతువులు అక్కడ ఇంకా తిరుగుతూ ఉంటాయి. కొందరు మనుషులు ఎలాగో అక్కడికి చేరతారు. వెంటనే వచ్చిన దారి మూసుకుపోతుంది. ఇక చూసుకోండి!

జూల్స్ వెర్న్ 1864లో రాసిన కథలో అటువంటి లోకాన్ని భూగర్భంలో పెట్టాడు. ఎడ్గార్ రైస్ బరోస్ ఒకదాన్ని భూమి లోపలా, ఇంకొకదాన్ని దక్షిణ సముద్రంలోని దీవి మీదా పెట్టాడు. వీటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది మాత్రం ఆర్థర్ కానన్ డాయిల్ 1912లో రాసిన ‘ది లాస్ట్ వరల్డ్’. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన డాయిలే ఈయన.

ఇందులో ఛాలెంజర్ అనే ప్రొఫెసరున్నాడు. ఎద్దులాంటి మనిషి, గుండెల దాకా గడ్డం. పత్రికలవాళ్లు గుమ్మం తొక్కితే మెడపట్టి గెంటుతాడు. దక్షిణ అమెరికాలో ఒక కొండ మీద రాక్షసబల్లులు బతికే ఉన్నాయంటాడాయన. ఎవరూ నమ్మరు. నిజం తేల్చుకు రావటానికి ముగ్గురు బయలుదేరుతారు. వారిలో సమ్మర్లీ అనే ముసలి ప్రొఫెసరు ఛాలెంజర్ మాట అబద్ధమని రుజువు చేయటానికే వెళ్తాడు! రెండోవాడు రాక్స్టన్ అనే వేటగాడు. మూడోవాడు మాలోన్ అనే కుర్ర విలేకరి. దారిలో ఛాలెంజరూ వచ్చి కలుస్తాడు.

కొండ నిట్టనిలువుగా గోడలాగా ఉంటుంది. పక్కనే విడిగా నిలిచిన ఒక రాతి స్తంభం ఎక్కి, దాని మీది చెట్టు నరికి, వంతెనగా పడవేసి దాటుతారు. దాటారో లేదో, పగబట్టిన మనిషి ఒకడు ఆ చెట్టును కాస్తా లోయలోకి తోసేస్తాడు. ఇక్కడ పుస్తకం మూయగలవాడెవడో నాకు చూపించండి! ఈ కథ మొదట ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ‘స్ట్రాండ్’ అనే మాసపత్రికలో వచ్చింది. కొత్త సంచిక కోసం పోస్టుమాన్ దారి చూసే మీకు ఆనాటి పాఠకుల అవస్థ నేను చెప్పనక్కరలేదు. చివరికి లండను సభలో ఛాలెంజర్ ఒక పెట్టె తెరుస్తాడు. అందులో ఏముందో మాత్రం చెప్పను.

డాయిల్ కూడా కొంటెవాడే. పెట్టుడు గడ్డం తగిలించుకుని, తానే ఛాలెంజర్ వేషంలో ఫోటో తీయించుకున్నాడు.

ఒక్క సంగతి నాకు నచ్చదు. అక్కడి అడవి మనుషులను నౌకర్లుగానో, శత్రువులుగానో తప్ప ఈ కథ చూడదు. ఆనాటి తెల్లదొరల కళ్లతో రాసిన పుస్తకమిది. అది గుర్తుంచుకుని చదవాలి.

మరి అటువంటి కొండ నిజంగా ఉన్నదా? తన కొండ ఎక్కడున్నదీ డాయిల్ చెప్పలేదు కాని, దానిని తలపించే కొండ ఉన్నది. వెనెజువేలా, గయానా, బ్రెజిల్ దేశాలు మూడూ కలిసే చోట నిలిచిన రొరైమా అది. ఎత్తు 2,810 మీటర్లు. అంచుల వెంట నాలుగు వందల మీటర్ల రాతి గోడ. అంటే ఇరవై తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టాలన్నమాట! ఆ చుట్టుపక్కల పెమోన్ ప్రజలుంటారు. లోకంలోని పండ్లన్నీ కాసే మహావృక్షం ఒకటి ఉండేదనీ, దాన్ని మకునైమా నరికేశాడనీ, మిగిలిన మొద్దే ఈ కొండ అనీ అక్కడివారి కథ. ఇది డాయిల్ కథకేమీ తీసిపోదు.

1884లో ఎవెరార్డ్ ఇమ్ థర్న్, హ్యారీ పెర్కిన్స్ అనే ఇద్దరు దీనిపైకి ఎక్కారు. రాక్షసబల్లులు కనిపించలేదు. నల్లని రాళ్లు, నీటి గుంటలు, వింత వింత చిన్న మొక్కలు కనిపించాయి.

ఎందుకు లేవో చూడండి. డాయిల్ కథలో ఆ కొండ భూమిలోంచి పైకి లేచింది. రొరైమా అలా లేవలేదు. ఒకప్పుడు చుట్టూ ఉన్న నేలంతా అంత ఎత్తూ ఉండేది. కోట్ల సంవత్సరాలు వానలూ, నదులూ మిగతాదంతా కోసుకుపోగా మిగిలిన ఇసుకరాయి ముక్క ఇది. ఆ వాన పైన కూడా కురుస్తూనే ఉంటుంది. మట్టిలోని సారాన్ని కడిగేస్తుంది. సారం లేక అక్కడి మొక్కలు కొన్ని, ఆకులను కూజాలుగా చుట్టి, పురుగులను ముంచి తింటాయి! మొక్కలకే తిండి కరువైన చోట ఏనుగును మించిన జంతువు ఏమి మేస్తుంది? పైగా ఒకటి రెండు జంతువులు చాలవు. తరతరాలు నిలవాలంటే మందలు కావాలి.

మరి అక్కడ ఉన్నదెవరు? అంగుళం పొడవైనా లేని ఒక నల్లని కప్ప. దానికి గెంతటం రాదు, మెల్లగా నడుస్తుంది. పక్క కొండ మీద దాని బంధువు ఒకటుంది. శత్రువు వస్తే అది కాళ్లు ముడుచుకుని గులకరాయిలాగా దొర్లిపోతుంది. డాయిల్‌కు తెలిసి ఉంటే ఈ కప్పను వదిలేవాడు కాదని నా నమ్మకం.

పెద్దలకొక మాట. మీ అబ్బాయి ఈ నవల చదువుతూ దొరికితే లాక్కోకండి. ‘ఆ జంతువులు ఏమి తినేవిరా?’ అని ఒక్క ప్రశ్న వేయండి. సమాధానం కోసం వాడే సైన్సు పుస్తకం తీస్తాడు.

రాక్షసబల్లులను చూడాలంటే దక్షిణ అమెరికా దాకా పోనక్కరలేదు. మన ప్రాణహిత, గోదావరి లోయలోని కోటా రాతిపొరలలో వాటి ఎముకలున్నాయి. అక్కడ దొరికిన ఒక తొడ ఎముక 1.7 మీటర్ల పొడవుంది! ఆ జంతువుకు ‘పెద్దకాలు’ అనే అర్థం వచ్చేటట్లు బెంగాలీ మాటతో, రవీంద్రనాథ్ ఠాగూరు పేరు కూడా కలిపి, 1975లో బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన మరొక దానికి 1988లో ఆ ఊరి పేరే పెట్టారు. కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని దాని పేరు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా సైన్స్ కేంద్రంలో నిలబెట్టారు. ఎప్పుడైనా వెళ్తే దాని కాలి పక్కన నిలబడి, మీరు ఎంతవరకు వస్తారో చూసుకోండి.