బంగారం మనది, దస్తావేజు ఎవరిది?

మూడు వాటాల పాత ఇల్లొకటి కొని కిరాయిలకిస్తే పిల్లల చదువులకి దిగులుండదని అనుకోని మధ్యతరగతి ఇల్లుందా చెప్పండి! 2016లో మా శ్రీరంగాపూర్ మండల కేంద్రమయ్యాక మా ఇళ్లలోనూ ఆ మాట వినిపిస్తోంది. ఆశ మంచిదే. లెక్క కూడా సరిగా ఉండాలి కదా!

ఇరవై లక్షల ఇల్లనుకుందాం. రూ.30 లక్షల లోపు గృహరుణానికి ఇంటి విలువలో 90 శాతం దాకా బ్యాంకు ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. అంతా ఇచ్చినా 18 లక్షలే. మిగతా రెండు లక్షలు మనమే తేవాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు తెలంగాణలో 2021లో 7.5 శాతానికి పెరిగాయి. అదింకో లక్షన్నర. తొమ్మిది శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకి వాయిదా నెలకి దాదాపు రూ.16,200. వాటాకి నాలుగు వేలు కిరాయి అనుకున్నా వచ్చేది పన్నెండు వేలే!

అంతటితో అయిందా? పాత ఇల్లు చవగ్గా వచ్చిందంటే దానికో కారణముంటుంది. మిద్దె కురుస్తుంది, గోడలు చెమ్మెక్కుతాయి, మూడు వాటాలకీ ఒకే మరుగుదొడ్డి, ఒకే కరెంటు మీటరు. ఇవి బాగు చేయిస్తేనే కిరాయికి ఎవరైనా వస్తారు. మరమ్మతులకీ బ్యాంకులు అప్పిస్తాయి. కానీ ఆ సంగతి కొనే ముందే అడిగి ఉండాలి. అడగరు. తీరా డబ్బు చాలకపోయేసరికి అందరి చూపూ మన బీరువా మీద పడుతుంది. గాజులు కుదువకి వెళ్తాయి. గడువులోగా విడిపించకపోతే వేలమే.

బంగారం ఇవ్వొద్దని నేననను. సంసారం కోసం ఇస్తాం. మరి దస్తావేజులో ఆయన పేరొక్కటే ఎందుకుండాలి? హిందూ స్త్రీ తన ఆస్తికి తానే పూర్తి హక్కుదారని 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 14వ సెక్షన్ చెబుతోంది. అయితే కాగితంలో పేరు లేకపోతే ఆ ఇల్లు మనదని రేపు ఎలా రుజువు చేసుకుంటాం?

"మనలో మనకి కాగితాలేమిటే" అంటారు. బ్యాంకు వాళ్లతో అలా అనగలరా? ఇద్దరి పేర్లా ఇల్లుంటే అప్పు కాగితాల మీదా ఇద్దరం సంతకం పెట్టాలి, బాధ్యతా పంచుకోవాలి. అది తెలిసే పెడదాం.

కాబట్టి అక్కచెల్లెళ్లారా, బయానా ఇవ్వకముందే మేస్త్రీని వెంటబెట్టుకెళ్లి ఇల్లంతా చూపించండి. ఖర్చెంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. ఈసీ తీయించండి. వాటాలు ఖాళీగా ఉండే రోజులూ ఉంటాయి, ఏడాదికి పది నెలల కిరాయే లెక్కేయండి. అన్నీ సరిపోయాకే బీరువా తాళం తీయండి. తీసేముందు, దస్తావేజులో మన పేరు ఎక్కడ రాస్తున్నారో అడగండి. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది?