పట్టములు సరే, పని యేది?

బండారులంక నేతగాడు తండ్రి మగ్గముకడ కూర్చుండి పని నేర్చెను. కోనసీమ వేదాధ్యాయి గురువునెదుట కూర్చుండి స్వరము నేర్చెను. తప్పు పలికిన సరిదిద్దువాడును, పోగు తెగిన అతుకు నేర్పువాడును ప్రక్కనే యుండిరి. నేడీ సీమలోని తల్లిదండ్రులు తమ బిడ్డలు సాఫ్టువేరు ఇంజనీర్లు కావలెనని కోరుచున్నారు. కోరిక మంచిదే. అమలాపురము చేరువను, సముద్రతీరమున ఓడలరేవునందును ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. బీదవిద్యార్థుల బోధనరుసుమును ప్రభుత్వమే చెల్లించు పద్ధతి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2008 ప్రాంతముననే యేర్పడినది. ఇంత ప్రజాధనము వ్యయమగుచుండగా, పట్టము పుచ్చుకొని వెలువడువారు పని నేర్చి వచ్చుచున్నారా యని యడుగు హక్కు ప్రజలకు లేదా?

జరుగుచున్నదేమి? నాలుగవ వత్సరమున ప్రాజెక్టు అను నొక ప్రకరణము కలదు. విద్యార్థి స్వయముగా నొక ప్రోగ్రామును నిర్మించి చూపవలెనని దాని యుద్దేశము. దానిని అంగడిలో వెలకు కొని, అట్టవేయించి, పరీక్షకుల ముందుంచువారు ఎందరో కలరు. ఇంటర్న్‌షిప్పు చేయవలెనని నిబంధనలు లేకపోలేదు. కాని పైకమునకు ధ్రువపత్రమే దొరకుచుండ పని యెవరికి గావలెను? పిమ్మట ఆ పట్టభద్రుడు హైదరాబాదు బండియెక్కి అమీరుపేట చేరును. మైత్రీవనము చుట్టునున్న శిక్షణాలయములలో జావా యనియు, టెస్టింగు అనియు మరల రుసుము చెల్లించి చదువును. నాలుగేండ్ల కళాశాల నేర్పనిదానిని నాలుగు నెలల బోధనాలయము నేర్పునట! మొదటి రుసుము ప్రజలది. రెండవ రుసుము తండ్రి అమ్మిన కొబ్బరికాయలది. ఒక్క విద్యకు రెండుమారులు వెల యిచ్చు జాతి మనదే కాబోలు. మేమే యొక్క కళాశాలనో వేలెత్తి చూపుటలేదు. ఇది పద్ధతియందలి దోషము.

ఈ వృత్తిలో పని యన నేమి? ఇతరులు వ్రాసిన ప్రోగ్రామును చదివి గ్రహించుట. దానిని చెడగొట్టక మార్చుట. తన వ్రాతను తోటివారి పరిశీలన కప్పగించి, వారి యాక్షేపణలకు సమాధానము చెప్పుట. తప్పులు బయటపడునట్లు పరీక్షలు కూర్చుట. వాడుకొనువారి మొర యాలకించుట. ఇవి పరీక్షకు ముందురాత్రి కంఠస్థము చేసిన రావు. వైద్యవిద్యార్థి యొక యేడు ఆసుపత్రిలో పెద్దవైద్యుల చూపుక్రింద పనిచేసినగాని వైద్యుడు కాడు. చార్టర్డు అకౌంటెంటు కాగోరువాడు ఆడిటరు కచ్చేరిలో ఆర్టికిల్ శిక్షణ ముగింపవలెను. సాఫ్టువేరు ఇంజనీరునకు మాత్రము కాగితము చాలునా?

ప్రోగ్రాము తప్పిన నేమి, మరల వ్రాయవచ్చునందురా? బ్రిటిషు తపాలాశాఖను చూడుడు. 1999 మొదలు అచ్చట హొరైజన్ అను లెక్కల యంత్రాంగమును నెలకొల్పిరి. అది లేని లోటును ఉన్నట్లు చూపగా, ఆ లెక్కలను నమ్మి వందలకొలది సబ్‌పోస్టుమాస్టర్లను దొంగలని శిక్షించిరి. దానియందు లోపములు కలవని 2019లో లండను హైకోర్టు తీర్పు చెప్పెను. 2024లో పార్లమెంటు ప్రత్యేకశాసనముచే ఆ శిక్షలను రద్దుచేసెను. పోయిన మానమును, ప్రాణములను ఏ శాసనము తేగలదు? నేడు మన రైతు భూమిహక్కును, వృద్ధుల పింఛనును, పేదల బియ్యపుకార్డును ఇట్టి ప్రోగ్రాములే మోయుచున్నవి.

కంపెనీలే పని నేర్పుకొనునని కొందరు వాదింతురు. నేర్పును; కాని తాము ఏరుకొనినవారికి మాత్రమే. ఏరబడని వేలమంది గతి యేమి? ఇక ప్రోగ్రాములను యంత్రమే వ్రాయుచుండగా మనుష్యునకు శిక్షణ యేల యని మరికొందరందురు. యంత్రము వ్రాసినది ఒప్పో తప్పో తేల్పవలసినవాడు మనుష్యుడే గదా! వ్రాయుటకంటె నిర్ణయించుటకు ఎక్కువ పనివాడితనము కావలెను.

మన గోదావరియే మనకు సాక్ష్యము. 1847లో ధవళేశ్వరము ఆనకట్టకు పూనుకొనిన కాటను దొర, అంతకుపూర్వము 1836లో కొల్లిడముపై ఆనకట్టలు కట్టి చేయి తిరిగినవాడు. ఆయనకు కుడిభుజమై నిలిచిన మన వీణెం వీరన్న నాటికి ఈ దేశమున ఇంజనీరింగు పట్టములే లేవు. పనియే ఆయనకు పాఠశాల. గన్నవరముకడ వైనతేయముమీదుగా 49 కమానులపై నీటిని నడిపించి నగరము దీవిని పండించినదియు అట్టి పనివారి చేతులే.

కావున మేము కోరునది యిది. కొనితెచ్చిన ప్రాజెక్టును పరీక్షలో కాపీతో సమానముగా నెంచి శిక్షింపవలెను. ఆరునెలలు అనుభవజ్ఞుని క్రింద నిజమైన పని చేయనిదే పట్టమీయరాదు. అందుకు నిదర్శనము ధ్రువపత్రము గాక, ఎవరో యొకరు వాడుకొనుచున్న ప్రోగ్రాము కావలెను. ఉపాధ్యాయులును అప్పుడప్పుడు పరిశ్రమలోనికి పోయి పనిచేసి రావలెను. కెనడాయందు వాటర్లూ విశ్వవిద్యాలయము 1957లో పుట్టిననాటనుండియు చదువును, ఉద్యోగమును మార్చిమార్చి నడుపుచున్నది. మనకేమి లోటు? అంబాజీపేట కొబ్బరి సంతకు ధరల పట్టీ కావలెను. గ్రంథాలయమునకు పుస్తకముల లెక్క కావలెను. 2011లో ముంపుబాధ మొదలగు కష్టములచే సాగు మానుకొనిన రైతులకు మురుగుకాలువల సమాచారము కావలెను. చేయుటకు పని యున్నది, చేతులున్నవి. రెంటిని కలుపు సంకల్పమే లేదు.

తల్లిదండ్రులారా! ప్రవేశమునకు పోయిననాడు మేడలను, ఫలకములమీది ముఖచిత్రములను చూచి మురియకుడు. “మీ విద్యార్థులు నిర్మించినదానిని ఎవరు వాడుచున్నారు? మాకు చూపుడు” అని యడుగుడు. చూపలేనిచోట బిడ్డను చేర్పకుడు. సీట్లు మిగిలిననాడు పద్ధతి తానే మారును.