యాప్ పోయినా మిగిలేది ఏమిటి?

పదవీ విరమణ చేసే ఉద్యోగి తాళపు చెవులు, గుర్తింపు కార్డు, పనిముట్లు అప్పగించి రసీదు తీసుకుంటాడు. ఏది అప్పగించాడో, ఏది బాకీ ఉన్నదో కాగితం మీద స్పష్టంగా ఉంటుంది. నేడు హాజరు, బట్వాడా, సెలవు దరఖాస్తు, జీతం చీటీ మొదలైనవెన్నో ఉద్యోగి సొంత డబ్బుతో కొన్న ఫోనులోకి వచ్చి చేరుతున్నవి. ఆ ఫోను నుండి యాప్‌ను తొలగించిన నాడు ఏది పోయిందో, ఏది మిగిలిందో తెలిపే రసీదు మాత్రం ఎవరూ ఇవ్వరు.

ఈ విషయంలో రెండు అపోహలు ప్రబలి ఉన్నవి. యాప్ తీసివేస్తే సర్వమూ చెరిగిపోతుందన్నది ఒకటి. మరల పెట్టుకుంటే అంతా తిరిగి వస్తుందన్నది రెండవది. రెండూ పూర్తి నిజాలు కావు. ఆండ్రాయిడ్ ఫోనులో యాప్ తన సొంత అరలో దాచుకున్న సమాచారం సాధారణంగా యాప్‌తో పాటే పోతుంది. డౌన్‌లోడ్స్, ఫోటోలు వంటి ఉమ్మడి ఫోల్డర్లలో దాచిన ఫైళ్లు అలాగే ఉండిపోతాయి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుండి, తయారీదారు ఆ ఏర్పాటు చేసిన యాప్‌ల విషయంలో, సమాచారాన్ని ఉంచమంటారా అని ఫోనే అడుగుతుంది. బ్యాకప్ అమలులో ఉంటే గూగుల్ ఖాతాలో మరో ప్రతి ఉండవచ్చు. ఐఫోనులో 2017 నాటి ఐఓఎస్ 11తో 'ఆఫ్‌లోడ్' పద్ధతి వచ్చినది. అందులో యాప్ పోతుంది, సమాచారం నిలుస్తుంది. ఇక కార్యాలయపు సర్వరుకు చేరినదైతే, మనం యాప్‌ను తొలగించినంత మాత్రాన చెరిగిపోదు.

ఇది కేవలం యంత్రాల ముచ్చట కాదు. ఓవర్‌టైము లెక్కపైనో, గైర్హాజరు ఆరోపణపైనో వివాదం తలెత్తినప్పుడు ఆధారం యాప్‌తో పాటు పోయిందంటే నష్టపోయేది ఉద్యోగే. మరోవైపు, ఖాతాదారుని సంతకం, ఆధార్ కార్డు ఫోటో పాత ఫోనులో ఉండిపోయి, ఆ ఫోను అంగడికి చేరితే, సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చేదీ ఉద్యోగే. ఉండవలసినది పోవడం, పోవలసినది ఉండడం, రెండింటి భారమూ శ్రామికుని నెత్తిమీదనే పడుతున్నది.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చినది. అయితే ఉద్యోగ ప్రయోజనాల కొరకు ఉద్యోగి సమ్మతి లేకుండానే అతని సమాచారాన్ని వాడుకొనుటకు ఆ చట్టపు 7వ సెక్షను వీలు కల్పిస్తున్నది. సమాచారాన్ని తుడిచివేయమని కోరే 12వ సెక్షను హక్కు ప్రధానంగా సమ్మతితో ఇచ్చిన సమాచారానికే వర్తిస్తుంది. కనుక చట్టం ఉన్నదని నిశ్చింతగా కూర్చోజాలము. చట్టం వదిలిన ఖాళీని ఒప్పందంతో పూరించవలసి ఉన్నది.

అందుచేత మేము కోరుతున్నది ఇది: కార్యాలయపు పనికి కార్యాలయమే పరికరం ఇవ్వాలి. సొంత ఫోనులో యాప్ పెట్టమన్నచో, అది ఏమి సేకరిస్తుందో, తొలగించిన తరువాత ఎక్కడ ఏమి మిగులుతుందో తెలుగులోను, ఇతర ప్రాంతీయ భాషలలోను లిఖితపూర్వకంగా తెలియజేయాలి. బదిలీ, పదవీ విరమణ సమయాలలో ఉద్యోగికి అతని రికార్డుల ప్రతి ముట్టజెప్పి, ఇక అవసరం లేని సమాచారాన్ని తుడిచివేసినట్లు ధ్రువపత్రం ఇవ్వాలి.

సభ్యులకు మా విజ్ఞప్తి: యాప్‌ను తొలగించే ముందు జీతం చీటీలు, సెలవు లెక్కలు, డ్యూటీ వివరాలు వేరొక చోట భద్రపరచుకొనండి. ప్రజల పత్రాల ఫోటోలు ఫోనులో మిగలనీయకండి. ఫోనును అమ్మే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయడం మరువకండి. శాఖా సమావేశాలలో ఈ అంశాన్ని చర్చించి, తీర్మానాలు పంపండి.

సర్వీసు రిజిస్టరులోని ప్రతి పద్దును సరిచూసుకోవడం మన పెద్దలు మనకు నేర్పినారు. రిజిస్టరు ఫోనులోకి మారినంత మాత్రాన ఆ అలవాటును వదులుకోరాదు.