చేతిలో కోత యంత్రం.. కంటికేదీ రక్షణ?

నిమిషానికి 11 వేల చుట్లు తిరిగే బ్లేడు
గార్డు తొలగించి పనులు
చిన్న పనులకు అందని చట్టం

నరసరావుపేట: పల్నాడు రాతికి రెండు వేల ఏళ్ల చరిత్ర ఉంది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలకు ఈ ప్రాంతపు సున్నపురాయే ఆధారం. మాచర్ల నాపరాయి ఎన్నో ఇళ్లకు గచ్చుగా మారింది. దుర్గి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఒకప్పుడు ఉలి, సుత్తితో సాగిన పనిలో అధిక భాగాన్ని ఇప్పుడు చేతితో పట్టుకునే విద్యుత్ కోత యంత్రం చేస్తోంది. పూటంతా పట్టే పని నిమిషాల్లో ముగుస్తోంది. అయితే ఆ వేగంతో పాటు వచ్చిన ముప్పుపై అవగాహన మాత్రం అంతగా పెరగలేదు.

వేగంలోనే ముప్పు

నాలుగు అంగుళాల గ్రైండర్ సాధారణంగా నిమిషానికి సుమారు 11 వేల సార్లు తిరుగుతుంది. అంటే బ్లేడు అంచు గంటకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో కదులుతుంది. అది పగిలితే ముక్కలూ అదే వేగంతో దూసుకువస్తాయి. లోతు కోత కోసం గార్డు తీసేసి, అదే యంత్రానికి ఏడు అంగుళాల చక్రాన్ని బిగించడం మరింత ప్రమాదకరం. అంత పెద్ద చక్రాన్ని సాధారణంగా నిమిషానికి 8,500 చుట్లకు మించి తిప్పరాదు. 11 వేల చుట్ల యంత్రానికి దానిని తగిలిస్తే అంచు వేగం గంటకు 370 కిలోమీటర్లు దాటుతుంది. ఇటువంటి చక్రాలకు సాధారణంగా ఉండే పరిమితి సుమారు 288 కిలోమీటర్లే. చక్రంపై ముద్రించిన చుట్ల సంఖ్య యంత్రంపై ఉన్న సంఖ్య కంటే తక్కువ కాకూడదు. ఇనుము కోసే చక్రం మధ్య రింగుపై గడువు తేదీ కూడా ఉంటుంది. గడువు తీరినా, తడిసినా, బీటవారినా దానిని పారవేయాల్సిందే.

చెక్క కోసే పళ్ల బ్లేడును గ్రైండర్‌కు బిగించడం మరో ముప్పు. పళ్లు చెక్కలో ఇరుక్కుంటే యంత్రం ఒక్కసారిగా పట్టు తప్పి మనిషి మీదకు ఎగురుతుంది. మెడలో కండువా, వదులు చొక్కా, లుంగీ, గుడ్డ చేతితొడుగులు బ్లేడుకు చిక్కుకునే అవకాశం ఉంది. రెండు చేతులతో పట్టుకోవడం, బ్లేడు తిరిగే వరుసకు పక్కగా నిలబడటం, స్విచ్ ఆపాక బ్లేడు పూర్తిగా నిలిచే వరకు కింద పెట్టకపోవడం కనీస జాగ్రత్తలు. బ్లేడు మార్చే ముందు ప్లగ్ తీయాలి.

దుమ్ముకు నీళ్లు.. నీళ్లకు కరెంటు

రాయిని పొడిగా కోస్తే లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులలో పేరుకుపోతుంది. నాపరాయి కంటే గ్రానైట్‌లో సిలికా అధికం. సిలికా ధూళి వల్ల వచ్చే సిలికోసిస్ నయం కాని వ్యాధి. ఈ ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1997లోనే తేల్చింది. రాతి కోత కార్మికులలో సిలికోసిస్ పెరగడంతో ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి కృత్రిమ రాతి పలకలను నిషేధించింది. రాజస్థాన్ ప్రభుత్వం 2019లో బాధితుల కోసం ప్రత్యేక విధానమే తెచ్చింది. ముఖానికి కట్టిన తువ్వాలు ఈ ధూళిని ఆపలేదు. ఎన్-95 స్థాయి మాస్కు కావాలి.

నీళ్లు చల్లుతూ కోస్తే ధూళి బాగా తగ్గుతుంది. కానీ తడి నేల, అతుకులు వేసిన తీగ, ప్లగ్ లేకుండా నేరుగా సాకెట్‌లో గుచ్చిన వైర్లు కలిస్తే విద్యుదాఘాతం తప్పదు. నీటితో కోయడానికి రూపొందించిన యంత్రాన్నే వాడాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ ఉంటే కరెంటు నేలకు పారిన క్షణాల్లోనే సరఫరా నిలిచిపోతుంది. ఇనుప చువ్వలు కోసేటప్పుడు లేచే నిప్పురవ్వలు మీటర్ల దూరం ఎగురుతాయి. పత్తి, వరిగడ్డి, మిర్చి నిల్వ చేసిన చోట ఈ పని చేపట్టరాదు.

చట్టం ఎక్కడ ఆగుతోంది?

యంత్రాలకు రక్షణ కంచె, కార్మికుల కళ్లకు రక్షణ ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. దాని స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. విద్యుత్‌తో నడిచే ఫ్యాక్టరీకి కనీస కార్మికుల సంఖ్య 10 నుంచి 20కి పెరిగింది. ఇద్దరు ముగ్గురితో ఇంటి గచ్చు వేసే మేస్త్రీ, ఒంటరిగా పనిచేసే వడ్రంగి సాధారణంగా ఈ లెక్కలోకి రారు.

కూలి విధానమూ ప్రమాదానికి దారి తీస్తోంది. అడుగుల లెక్కన కూలి కట్టే చోట గార్డు బిగించే సమయం, నీళ్లు పోసే మనిషి ఖర్చు రెండూ కార్మికుడి నష్టంగానే మిగులుతాయి. జాగ్రత్త చెప్పడంతోనే పరిస్థితి మారకపోవడానికి కారణమిదే. కళ్లద్దాలు, మాస్కు, ఈఎల్‌సీబీ ఖర్చును పని ధరలోనే చేర్చి ఇంటి యజమాని భరిస్తే భారం తగ్గుతుంది. గార్డు లేని యంత్రాన్ని అద్దెకు ఇవ్వబోమని దుకాణదారులు నిర్ణయించుకుంటే చట్టం చేరని చోటికీ భద్రత చేరుతుంది.

ప్రమాదం జరిగితే..

గాయంపై శుభ్రమైన గుడ్డతో గట్టిగా ఒత్తి పట్టి 108కు ఫోన్ చేయాలి. తెగిన వేలిని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో ఉంచి, ఆ సంచిని మంచు ఉన్న పాత్రలో పెట్టి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మంచును నేరుగా తాకించరాదు. కంట్లో నలుసు పడితే నలపకుండా నీటితో కడగాలి. గుచ్చుకున్న ముక్కను సొంతంగా తీసే ప్రయత్నం చేయకూడదు. ఒక్క చూపు పోతే ఒక కుటుంబ జీవనాధారమే దెబ్బతింటుంది. ఆ నష్టంతో పోలిస్తే జత కళ్లద్దాల ధర అతి స్వల్పం.