ఇసుక కింది కోట

విశాఖపట్నం సముద్రపుటొడ్డున ఇసుక బాగా కోసుకుపోయిన రోజుల్లో ఒక కాంక్రీటు గది తల ఎత్తుతుంది. పిల్లలు దానిమీద ఎక్కి దూకుతుంటారు. అదేమిటని మురీల బండి అబ్బాయిని అడిగాను. "జపానోళ్ళ బంకరు బాబూ!" అన్నాడు. కట్టినవారు ఇంగ్లీషువారు. పేరు మాత్రం శత్రువుకు దక్కింది!

1942లో సింగపూరు పడిపోయింది, రంగూను పడిపోయింది. విశాఖలో రేవు తెరిచి అప్పటికి తొమ్మిదేళ్ళు కాలేదు. ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాను నౌక మీదినుంచి విమానాలు లేచి విశాఖమీదా కాకినాడమీదా బాంబులు వేశాయి. ఊరు ఖాళీ అయింది. మా అమ్మమ్మ వాళ్ళు ఎడ్లబండిమీద విజయనగరం చేరారట. నిరుటి ఆవకాయ జాడీ ఇంట్లోనే ఉండిపోయినందుకు ఆవిడ జపానువారిని చివరిదాకా క్షమించలేదు.

శత్రువు ఒడ్డున దిగితే కాల్చడానికే ఈ గదులు. మందపు గోడలు, సముద్రంవైపు తుపాకి పట్టేంత సందు. శత్రువు దిగనేలేదు. 1945లో యుద్ధం ముగిసింది. గదుల సంగతి ఎవరికీ పట్టలేదు.

అలల మధ్య తుపాకి పట్టుకుని ఎవరూ కూర్చోరు కదా! ఆనాడు పొడినేలమీద కట్టినదానిని ఈనాడు కెరటం తాకుతున్నదంటే, మధ్యనున్న ఒడ్డు ఏమైనట్టు?

మన తీరాన ఇసుక కూడా ఏరులా నడుస్తుంది. నైరుతి గాలుల కాలంలో అలలు దానిని ఉత్తరానికి నెడతాయి. చలికాలంలో కొంత వెనక్కు వస్తుంది. మొత్తంమీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. 1970లలో బయటి రేవుకోసం సముద్రంలోకి రాతికట్టలు వేశారు. దక్షిణంనుంచి వచ్చే ఇసుక అక్కడ ఆగింది. ఉత్తరపు ఒడ్డుకు తిండి తగ్గింది. ఆగిన ఇసుకను తవ్వి ఇటు పోస్తుంటారు. కాని 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ వంటి తుపాను ముందు ఆ పోత ఏపాటి?

చూడవచ్చినవాళ్ళం బంకరు బయటపడిందని సంబరపడ్డాము. పక్కనే వల సర్దుకుంటున్న ముసలి జాలరి మాత్రం తల ఎత్తలేదు.

"తెప్ప లాగి పెట్టుకోడానికి ఇసకేదీ బాబూ? మా నాయన కాలంలో ఇక్కడ నడిసి నడిసి కాళ్ళు కాలేవి," అన్నాడు.

నీరు కాస్త తీయగానే లేచి, తడివల తీసుకువెళ్ళి ఆ బంకరు కప్పుమీదే ఆరవేశాడు. ఆ చుట్టుపట్ల పొడిగా ఉన్నది అదొక్కటే.