ఇంధన పొదుపు పరికరాలు: ఆదా ఎవరికి?

పెట్రోలు ధర భారమైనప్పుడల్లా ఇంధనాన్ని ఆదా చేస్తామనే పరికరాలకు గిరాకీ పెరగడం పరిపాటి. కార్బురేటర్ల కాలంలో ఇంధన గొట్టానికి బిగించే అయస్కాంతాలను విక్రయించారు. ఇప్పుడు వాటి సరసన డ్యాష్‌బోర్డు కింది సాకెట్‌లో పెట్టే ప్లాస్టిక్ పెట్టెలు, నీటి నుంచి హైడ్రోజన్ తీసే కిట్లు, పెట్రోలు ట్యాంకులో వేసే మాత్రలు వచ్చి చేరాయి. ఇరవై, ముప్పై శాతం వరకు మైలేజీ పెరుగుతుందన్నది వాటి ప్రకటనల సారాంశం. ఇందులో నిజమెంతో తేల్చుకోవలసిన అవసరం కారు యజమానులకే కాక, కిరాయి బండితో కుటుంబాన్ని పోషించుకునే డ్రైవర్లకు మరింతగా ఉంది.

ద్వీపంలో లెక్క

ఇందుకు దక్షిణ అండమాన్‌లోని ప్రోతరాపూర్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు పొరుగున ఉన్న పట్టణమిది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వీరిలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వలస వచ్చినవారి కుటుంబాలే ఎక్కువ. దీవుల్లో రైలు మార్గం లేదు. పెట్రోలు, డీజిలు యావత్తూ ఓడలపై రావలసిందే. అయినప్పటికీ స్థానిక పన్ను నామమాత్రం కావడంతో పెట్రోలు అక్కడ దేశంలోనే చౌకగా లభిస్తున్నది. 2024 మార్చిలో చమురు కంపెనీలు లీటరుకు సుమారు 2 రూపాయలు తగ్గించిన తర్వాత పోర్ట్ బ్లెయిర్‌లో లీటరు ధర సుమారు 82 రూపాయలకు చేరగా, హైదరాబాద్‌లో అది 107 రూపాయలు దాటి ఉంది.

ఈ ధరల ప్రకారం లెక్క వేస్తే విషయం తేటతెల్లమవుతుంది. నెలకు 30 లీటర్లు వాడే కారుకు నిజంగానే పది శాతం ఆదా అయితే ప్రోతరాపూర్‌లో మిగిలేది 246 రూపాయలు, హైదరాబాద్‌లో 321 రూపాయలు. పరికరం ఖరీదు 2,000 రూపాయలనుకుంటే అసలు రాబట్టుకోవడానికి ప్రోతరాపూర్ వాసికి ఎనిమిది నెలలకు పైగా, హైదరాబాద్ వాసికి ఆరు నెలలకు పైగా పడుతుంది. అదీ ఆ పది శాతం నిజమైతేనే. కాకపోతే పెట్టిన సొమ్ము పూర్తిగా నష్టమే.

కాలని పెట్రోలు ఎంత?

ఈ పరికరాలలో అధిక భాగం ఒకే వాదనపై ఆధారపడి ఉన్నాయి. ఇంజన్‌లో పెట్రోలు పూర్తిగా కాలడం లేదని, తమ పరికరం దానిని పూర్తిగా కాలుస్తుందని తయారీదారులు చెబుతారు. వాస్తవానికి సక్రమంగా పనిచేసే నేటి ఇంజన్‌లో నూటికి 95 పాళ్లకు పైగా ఇంధనం కాలిపోతూనే ఉంది. మిగిలినదంతా కాల్చగలిగినా లాభం ఐదు శాతానికి మించదు. ఇంధన శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు వృథా అవుతున్న మాట నిజమే. కాని అది కాలని పెట్రోలుగా కాదు, సైలెన్సరు, రేడియేటరు ద్వారా బయటికి పోయే వేడిగా. గొట్టానికి అయస్కాంతం చుట్టినంత మాత్రాన ఆ వేడి వెనక్కి రాదు.

హైడ్రోజన్ కిట్ల సంగతీ ఇంతే. నీటిని విడగొట్టడానికి కావలసిన విద్యుత్తు ఆల్టర్నేటర్ నుంచి రావాలి. ఆల్టర్నేటర్‌ను తిప్పేది ఇంజనే, ఇంజన్‌ను నడిపేది పెట్రోలే. ప్రతి దశలోనూ కొంత శక్తి నష్టమవుతుంది కనుక హైడ్రోజన్ రూపంలో తిరిగి వచ్చేది ఖర్చయిన దానికన్నా తక్కువే. పైగా 2020 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న భారత్ స్టేజ్ 6 ప్రమాణాల వాహనాలలో గాలి, ఇంధనాల పాళ్లను కంప్యూటరే సరిచేస్తుంది. బయటి పరికరం ఆ పాళ్లను మార్చబోయినా కంప్యూటరు మళ్లీ యథాస్థితికి తెస్తుంది.

పరీక్షలలో తేలినది

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1970ల నుంచి ఇటువంటి పరికరాలను నూటికి పైగా పరీక్షించింది. మైలేజీని చెప్పుకోదగినంతగా పెంచినది ఒక్కటీ కనిపించలేదు. స్వల్ప ప్రయోజనం చూపిన కొద్దిపాటి పరికరాలలోనూ కొన్ని కాలుష్యాన్ని పెంచినట్లు వెల్లడైంది. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే ఒక పరికరాన్ని 2011లో ‘కన్స్యూమర్ రిపోర్ట్స్’ పత్రిక పలు కార్లపై పరీక్షించి, ఎలాంటి ప్రయోజనమూ లేదని తేల్చింది. కారు కంప్యూటర్‌తో అనుసంధానమవుతుందని ప్రచారం పొందిన మరో పెట్టెను 2017లో ఫ్రాన్స్‌కు చెందిన క్వార్క్స్‌ల్యాబ్ పరిశోధకులు విప్పి చూశారు. అది కారుకు ఏ సందేశమూ పంపడం లేదు. దానిలోని చిన్న దీపాలు మాత్రం మిణుకుమిణుకుమంటున్నాయి.

ఇంధనం విషయంలో అద్భుతాలను నమ్మడం మన దేశానికీ కొత్త కాదు. 1996లో తమిళనాడుకు చెందిన రామర్ పిళ్లై మూలికలతో నీటిని పెట్రోలుగా మారుస్తానని ప్రకటించినప్పుడు దేశమంతా సంచలనం రేగింది. శాస్త్రవేత్తల సమక్షంలో కట్టుదిట్టంగా జరిగిన పరీక్షల ముందు ఆ వాదన నిలబడలేదు.

నమ్మకం ఎలా కలుగుతున్నది?

అయితే పరికరం పెట్టాక మైలేజీ పెరిగిందని నిజాయితీగా చెప్పేవారూ ఉన్నారు. ఇందుకు కారణాలు లేకపోలేదు. డబ్బు పెట్టి కొన్న వస్తువు పనితీరును గమనించే డ్రైవరు తెలియకుండానే నిదానంగా నడుపుతాడు. టైర్లలో గాలి కూడా చూసుకుంటాడు. ఒకసారి ట్యాంకు అంచుదాకా, మరోసారి కాస్త తక్కువగా నింపితే లెక్కలో కొన్ని శాతాల తేడా వస్తుంది. ప్రోతరాపూర్ పరిసరాలలో మాదిరిగా ఎత్తుపల్లాల దారుల్లో, ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ముగిసే చిన్న ప్రయాణాల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ. ఒక వారం లెక్కతో పరికరానికి యోగ్యతాపత్రం ఇవ్వడం సరికాదు.

ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్ల మైలేజీ తగ్గిందన్న ఫిర్యాదులు 2025లో దేశమంతటా వినిపించాయి. లీటరు ఇథనాల్‌లోని శక్తి పెట్రోలు కన్నా సుమారు మూడో వంతు తక్కువ కనుక కొంత తగ్గుదల సహజం. పాత ప్రమాణాలకు తయారైన కార్లలో 20 శాతం మిశ్రమం వల్ల 6-7 శాతం తగ్గవచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. ఇంధనంలోనే శక్తి తగ్గినప్పుడు దానిని ఏ పెట్టే భర్తీ చేయజాలదు. ఈ అసంతృప్తి పరికరాల విక్రేతలకు కొత్త అవకాశంగా మారకుండా వినియోగదారులు జాగ్రత్త వహించాలి.

ఖర్చు లేని పొదుపు

నిజమైన పొదుపు మార్గాలు ఏనాటి నుంచో తెలిసినవే. 1978లో ఏర్పడిన పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం గంటకు 45-55 కిలోమీటర్ల వేగాన్ని పాటించాలని, టైర్లలో గాలి తగ్గకుండా చూడాలని, బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ ఆపాలని ప్రచారం చేస్తూ వచ్చింది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. క్లచ్‌పై కాలు ఆనించి నడపడం, డిక్కీలో అనవసర బరువు మోయడం, పట్టి ఉన్న బ్రేకులను బాగు చేయించకపోవడం ఇంధనాన్ని తినేస్తాయి. వీటిని సరిచేసుకోవడానికి ఏ పరికరమూ కొననక్కరలేదు.

మోసపోయినవారికి చట్టం అండ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనలపై కేంద్ర ప్రాధికార సంస్థ తొలిసారి 10 లక్షల రూపాయల వరకు, తిరిగి అదే తప్పు చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. కాగా కొన్న తర్వాత ఫిర్యాదు చేయడం కన్నా కొనేముందే ప్రశ్నించడం మేలు. పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ వంటి గుర్తింపు పొందిన సంస్థ పరీక్షించిన నివేదిక ఉన్నదా? ఉంటే ఏ మోడల్ బండిపై, ఎంత ఆదా అయింది? వైర్లు కోసి బిగిస్తే బండి వారంటీ చెల్లుతుందా? ఈ మూడింటికి రాతపూర్వకంగా సమాధానమివ్వని విక్రేత వద్ద కొనకపోవడమే క్షేమం. రుజువు చూపవలసిన బాధ్యత అమ్మేవారిదే. మైలేజీ శాతాలు ప్రకటించే ప్రతి పరికరంపైనా పరీక్ష నివేదిక సంఖ్యను ముద్రించడం తప్పనిసరి చేయవలసిన అవసరం ఎంతైనా ఉంది. అప్పటివరకు ప్రోతరాపూర్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా టైర్లలో గాలి చూసుకుని, నిదానంగా నడిపే డ్రైవరుకే ఆదా దక్కుతుంది.